గట్టుకి రొంత ఇవతల

ఏడాది చివర పాటల యాప్ ఒక లెక్క పంపిస్తుంది. ఆ సంవత్సరమంతా మనం ఎవరిని ఎక్కువ విన్నామో రంగు బొమ్మలేసి చూపిస్తుంది. అందరూ దాన్ని స్టేటస్‌లో పెట్టుకుంటారు. నేనూ సరిగ్గా చూడకుండానే పెట్టేశాను. కాసేపటికి ఫ్రెండ్స్ గ్రూపంతా నవ్వులు. నా లిస్టులో అందరికన్నా పైన ఉన్నది సినిమా సంగీతం వాళ్ళెవరూ కాదు. ఫిన్లాండ్‌లో ఎప్పుడో బతికిపోయిన ఒక మీసాలాయన. వయొలిన్లూ బాకాలూ ఉండే పెద్ద పెద్ద వాద్యబృందాల కోసం సంగీతం రాసిన మనిషి. ఫొటోలో నల్లకోటు వేసుకుని, ఎవరో బలవంతంగా నిలబెట్టినట్టు ఉంటాడు.

"ఎవరే ఈ తాత?" అని ఒకడు అడిగాడు. "గొప్ప కోసం రాత్రంతా మ్యూట్‌లో పెట్టి పడుకుంటుందేమో" అని ఇంకొకతి రాసింది. నాకు చర్రుమని కోపమొచ్చి గ్రూపులోంచి బయటికొచ్చేశాను. కోపమొస్తే గ్రూపుల్లోంచి బయటికి రావడం నాకు అలవాటు. కొన్నాళ్ళాగి మళ్ళీ చేర్చుకోమని అడగడం కూడా అలవాటే.

ఈసారి అడగాలనిపించలేదు. ఫోన్ పట్టుకుని ఆ మీసాలాయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన వెనక నాకు ఇంకో మొహం కనిపిస్తుంది. పొయ్యి సెగకి ఎర్రబడ్డ మొహం, నడుముకి బిగించిన కొంగు, రెండు చేతుల్లో మసిగుడ్డ, ఆ గుడ్డతో పట్టుకున్న పులుసు దాక. తడలో మెస్ నడిపిన అక్క. ఆవిడ పోయింది మొన్నటి వానల్లోనే.

యాప్‌కి తెలియని సంగతి ఒకటుంది. ఆయన రాసిన వాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు పెట్టుకునేదాన్ని చివరిదాకా వినను. ఒక చోట ఆపేస్తాను. ఆ చోటు అక్క చూపించింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా అచ్చుల మీద అచ్చులు పడి నోరు తిరగదు. అక్క ఏనాడూ ఆ పేరు పలకలేదు, ఆవిడకి ఆయన 'చలిదేశపాయన'. అక్క పేరూ రాయను. ఆవిడ మెస్‌కే పేరు లేదు, బోర్డు లేదు. అడిగితే "ఆకలైనోడికి బోర్డెందుకు, వాసన చాలు" అనేది.

నేను పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. తడ పక్కనున్న పార్కులో ఉద్యోగమొచ్చి ఆ ఊరు వెళ్ళాను. పార్కంటే పూలమొక్కలు కాదు, ఫ్యాక్టరీలు. అందులో నాది క్వాలిటీ డిపార్ట్‌మెంట్. తయారై వచ్చిన వస్తువుల్లో లోపమున్నవాటిని ఏరి పక్కన పడేసే పని. నా స్వభావానికి సరిపోయింది. క్యాంటీన్ తిండి మాత్రం సరిపోలేదు. ఎవరో చెబితే హైవే పక్క సర్వీసు రోడ్డులో ఉన్న ఈ మెస్‌కి వెళ్ళాను. రోడ్డుకి అవతల పెద్ద హోటలుంది, ఏసీ, లైట్లు, కార్లు ఆపుకునే చోటు. ఇవతల అక్కది ఒక షట్టరు, రేకుల కప్పు, నాలుగైదు బల్లలు.

వెళ్ళేసరికి షట్టరు సగం దించి ఉంది. బయట లారీ డ్రైవర్లూ పార్కు కుర్రాళ్ళూ నిలబడి ఉన్నారు. లోపల్నుంచి చేపల పులుసు వాసన, దాంతోపాటు వయొలిన్లు. ఒకటీ రెండూ కాదు, గుంపుగా. నాకు లంచ్ టైం అయిపోతోంది. ఎవరూ కదలరు. షట్టరు మీద దబదబా కొట్టాను.

"లోపలే ఉన్నారుగా, తీయొచ్చుగా."

"పడవ యాడికొచ్చిందో ఇనపడలా? రొంత ఆగుమే" అని లోపల్నుంచి ఆడగొంతు.

పడవేంటో నాకర్థం కాలేదు. పక్కనున్న డ్రైవరు నవ్వాడు. "కొత్తామ్మా? ఆ పాట ఆగందే ఆయమ్మ షట్టరు తీయదు. మేం అలవాటు పడిపోయినాం. ఒకసారి తొందరబడి హారన్ కొట్టినానని నాకు ముక్క లేకుండా ఒట్టి పులుసు పోసింది."

లోపల వయొలిన్లు పైకి పైకి పోతున్నాయి. ఇంకేదో పెద్దది రాబోతోంది అనుకునే లోపల, మాట మధ్యలో ఫోన్ కట్ అయినట్టు టక్కున ఆగిపోయాయి. వెంటనే షట్టరు గలగలమంటూ పైకి లేచింది.

"ఎవురు నా షట్టరు పగలగొట్టేది? నువ్వా? ఇంత సన్నంగుండావు, అంత బలం యాడ దాచిపెట్టినావు? రా, ముందు నువ్వే కూర్చో."

నేను తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ ఆకు పరిచి అన్నం పెట్టి పులుసు పోసింది. ఒక ముద్ద లోపలికి పోయాక ఏమని తిట్టాలనుకున్నానో గుర్తు రాలేదు.

అక్క వంటింట్లో గడియారం ఉండేది కాదు. "అదూరికే తిరగతా ఉంటది. పులుసు ఎట్టుందో దానికేం తెలుసు" అనేది. దానికి బదులు కిటికీలో ఒక చిన్న స్పీకరు, దానికి గుచ్చిన పెన్‌డ్రైవ్. అందులో ఉన్నది ఒకే ఒక్క పాట, చాలా పొడుగుది. అక్క పాట అంటుంది కాబట్టి నేనూ పాట అంటున్నాను, అందులో ఎవరూ పాడరు. వంటంతా ఆ పాట వెంట నడిచేది.

మొదట అడుగు నుంచి లావుపాటి తీగల మోత నెమ్మదిగా వస్తుంది. అప్పుడు చింతపండు పిసకాలి. తర్వాత తీగల్ని వేళ్ళతో మీటుతారు, గింజలు రాలినట్టు ఉంటుంది. అది తాలింపు. అప్పటికి నూనె కాగి ఉండకపోతే మరియమ్మకి తిట్లు పడేవి. మరియమ్మ అక్క ఊరి మనిషే, వడ్డన ఆమె పని. ఆ తర్వాత పిల్లనగ్రోవి లాంటిదొకటి ఒంటరిగా పాడుకుంటుంది. ఆ చోట పులుసు పోసి మూత పెట్టాలి, ఎవరూ మాట్లాడకూడదు. గాలి లేచినట్టు అన్నీ కలిసి రేగే చోట చేప ముక్కలూ మామిడి ముక్కలూ వెయ్యాలి. అక్కణ్ణించి గరిటె పెట్టకూడదు. దాకని మసిగుడ్డతో పట్టుకుని, ఆ వయొలిన్ల ఊపుతోనే అటూ ఇటూ తిప్పేది. పాట ఆగిన చోట పొయ్యి కట్టేసి షట్టరు తీసేది.

రోజూ తినేవాళ్ళకి ఇదంతా కంఠతా వచ్చేసింది. ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేసి "అక్కా, పడవ యాడుంది?" అని అడిగి బయల్దేరేవాళ్ళు. ఆలస్యంగా వచ్చినవాడితో "నీ పడవ దాటిపోయింది నాయనా, మజ్జిగన్నం తిను" అనేది.

నేనొకసారి వీడియో తీయబోతే గరిటె చూపించింది. "దాన్ని పక్కన పెట్టుమే. నిన్ను కనింది మీ అమ్మా, ఆ ఫోనా?"

ఆ పెన్‌డ్రైవ్ ఇచ్చింది ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఒక ఇంజనీరు. పార్కులో ఏదో ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికి వచ్చాడట. పెద్ద హోటల్లో తినీ తినీ విసుగొచ్చి ఒకరోజు రోడ్డు దాటాడు. నేను వెళ్ళేసరికే అతను తిరిగి వెళ్ళిపోయాడు, కానీ అక్క అతన్ని నటించి చూపించేది.

"ఒక్క ముద్ద పెట్టుకున్నాడు. కళ్ళంబడి నీళ్ళు, ముక్కంబడి నీళ్ళు. మనిషి కందగడ్డ అయిపోయినాడు. చచ్చిపోతే పోలీసులొస్తారేమో అని నేనూ మరియమ్మా మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడుండాం. ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. ఇంకో ముద్ద పెట్టుకున్నాడు. మొత్తం తిన్నాడు. రేపొస్తానన్నాడు. వచ్చినాడు."

వాళ్ళ మధ్య భాష లేదు. అతను ఇంగ్లీషులో మాట్లాడితే అతని ఫోన్ తెలుగులో చదివేది. అలా తెలిసినవి కొన్ని. ఈ పాట కట్టినాయన ఇంజనీరు పుట్టిన ఊరివాడే. బడిపిల్లలకి సంగీతం నేర్పి బతికాడు, సాయంత్రాలు కూర్చుని తనది తాను రాసుకున్నాడు. అదే కాలంలో ఆ దేశంలో ఇంకో మహానుభావుడు ఉన్నాడు. ప్రపంచమంతా ఆయన్నే వాయిస్తుంది, ఈయన్ని వాళ్ళ ఊళ్ళోనే సగం మంది ఎరగరు. ఈ మాట వచ్చినప్పుడల్లా అక్క గరిటెతో రోడ్డు అవతలి హోటల్ని చూపించేది. "ఎదురుగా అట్టాంటోడు ఉంటే మనమెవురికి కనపడతాం? అట్టని పొయ్యి ఆర్పుకుంటామా? ఆయన ఆర్పలా."

ఒకసారి నేను ఆ మహానుభావుడిది ఫోన్‌లో వెతికి వినిపించాను. అక్క చేతులు కట్టుకుని మర్యాదగా విన్నది. అంతా అయ్యాక, "బో బాగుండాది. పెద్ద హోటల్లో పెట్టుకోవచ్చు" అంది.

ఈ చిన్నాయన్ని పేరుతో సహా పట్టుకోవాలని నాకు పంతం. అక్కకి పేరు గుర్తు లేదు. పాట వింటే పేరు చెప్పే యాప్ నా ఫోన్‌లో ఉంది. షట్టరు కింద దూరి వెళ్ళి స్పీకరు పక్కన ఫోన్ పెట్టేదాన్ని. ఫ్యాన్ మోతకో, మరియమ్మ గిన్నెల మోతకో దానికి అంతుపట్టేది కాదు. ఒకసారి ఏదో ధ్యానం చేసుకునే మ్యూజిక్ అంది. ఇంకోసారి ఏదో సీరియల్లో ఏడుపు మ్యూజిక్ అంది. నేను ఫోన్‌ని నేలకేసి కొట్టబోయాను.

"దానికి ఆకలేస్తుందేమో, రొంత పులుసు పెట్టు" అంది అక్క.

చివరికి వంటింటి ఫ్యాన్ చెడిపోయిన రోజు దొరికింది. పేరు, నల్లకోటు, మీసాలు. అక్కకి చూపించాను. చేతులు కొంగుకి తుడుచుకుని, ఫోన్‌ని రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"ఈయనేనా? పాపం, కడుపునిండా తిన్నట్టు లేడు."

ఫోన్ వెనక్కి తీసుకుని, అదే పాట అందులో పెట్టి చూశాక నేను ఒకటి గమనించాను. స్పీకరులో పాట ఆగిపోయిన చోటు దాటాక కూడా ఫోన్‌లో ఇంకా మిగిలి ఉంది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించేటప్పుడు చివర తెగిపోయిందన్నమాట. క్వాలిటీ డిపార్ట్‌మెంట్ వాళ్ళకి ఇలాంటివి కనిపిస్తే ఒళ్ళు మండుతుంది.

"అక్కా, మీ పాట పూర్తిగా లేదు. చివర కట్ అయిపోయింది."

"తెగలా. అంతే అది."

"అంతే ఏంటి? ఇదిగో, ఈ గీత చూడండి. మీరు వినేది ఇక్కడిదాకానే. ఇదంతా మిగిలుంది."

"నీ గీత నీ దగ్గర పెట్టుకో. నేను రోజూ ఇంటుండా. దానికి ముగింపుండాది."

ఆ రోజు నుంచి నాది అదే పోరు. మిగతాది వినండక్కా, ఒక్కసారి వినండి. రోజూ ఒక కారణం చెప్పేది. "దించిన పులుసు మళ్ళా పొయ్యి మింద పెడతారా ఎవురన్నా?" అనేది. "గిరాకీ ఉండాది, కళ్ళు కనపడలా?" అనేది. "ఆదివారం చూద్దాం" అనేది. ఆదివారం అక్క ప్రార్థనకి పోతుంది, మెస్ ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు నాకు ఓపిక పోయింది. ఆకు ముందు కూర్చునే గట్టిగా అన్నాను. "రోజూ సగం పాట వింటూ బతకడమేంటి అక్కా? మీకు దేనికి భయం?"

తింటున్నవాళ్ళు తలలెత్తారు. మరియమ్మ గరిటె ఆగిపోయింది. అక్క వచ్చి నా ఎదురుగా బల్ల మీద కూర్చుంది. మెస్‌లో ఆవిడ కూర్చోగా నేను చూడటం అదే మొదలు.

"నువ్వెప్పుడన్నా పులికాటులో పడవెక్కినావా?"

"లేదు."

"మరి నీకేం తెలుసు."

అక్క పుట్టింది పులికాట్ సరస్సులోని ఒక దీవిలో. పెళ్ళై తడ వచ్చేదాకా, చేపలూ రొయ్యలూ తట్టకెత్తుకుని తల్లితో కలిసి పడవలో ఇవతలికి వచ్చి అమ్ముకుని పోయేది. ఇంజనీరు ఫోన్ చదివిన మాటల్లో ఒకటి ఆవిడకి గట్టిగా పట్టుకుంది. ఈ పాట కట్టింది ఒక సరస్సు మీద. ఇంక మిగతాది ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు.

"మొదట లావుగా మోత ఇనపడతదే, అది గెడ గుచ్చి పడవని తోసేది. చిటపటమనేది చినుకులు. ఒక్కటే పాడుకుంటదే, అది పొద్దున్నే నీళ్ళ మింద ఒంటరి పిట్ట. తర్వాత గాలి లేస్తది. తట్ట గట్టిగా పట్టుకోమే అని మాయమ్మ అరిచేది. గాలి తగ్గినాక గట్టు కనపడతది. గట్టు మింద మనుషులు కనపడతారు. ఆడ ఆగిపోద్ది."

"నేను చెప్పేదీ అదే కదా. గట్టు చేరకుండానే ఆగిపోయింది."

అక్క నా వైపు జాలిగా చూసింది. "పులికాటులో ఏ పడవా గట్టుదాకా పోదుమే. నీళ్ళు చాలవు, బురదలో దిగబడిపోద్ది. గట్టుకి రొంత ఇవతలే ఆపేస్తారు. చీర ఎగ్గట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని దిగాల. మోకాల్లోతు నీళ్ళు. నడుచుకుంటా పోతాం. పడవ ఆగిపోయిందని ఏడస్తా కూర్చోం."

ఆవిడే మళ్ళీ అంది. గొంతు తగ్గించి, మరియమ్మకి వినపడకుండా.

"ఇప్పుడు నువ్వు మిగతాది ఇనిపిస్తావు. ఆ పడవ ఏమవుద్దో ఏమో. తిరగబడితే? ఎవురన్నా పోతే? రేపు ముక్కలేసేటప్పుడు నాకదే గుర్తొస్తది. పులుసు తిప్పేదానికి చెయ్యి రావద్దా? వద్దుమే."

నోరు మూసుకున్నాను. అది నాకు అలవాటు లేని పని.

నాకు మాత్రం చివర ఎలా ఉంటుందో అప్పటికే తెలుసు. విన్నాను. చెప్పలేదు. దాని బదులు ఆయనవి మిగతావి ఒక్కొక్కటే వెతుక్కుని వినడం మొదలుపెట్టాను. పియానో మీద చిన్న చిన్నవి ఉన్నాయి, చంటిపిల్లని ఎత్తుకుని గదిలో తిరుగుతున్నట్టు ఉంటాయి. ఆడవాళ్ళు కలిసి పాడేదొకటి ఉంది, భాష తెలియకపోయినా ఊళ్ళోకి ఎవరో వచ్చారనో వెళ్ళిపోయారనో అర్థమవుతుంది. కొన్నిటికి ఒకే ఒక్క రికార్డింగ్ దొరుకుతుంది, దాంట్లో ఎవరో దగ్గుతారు కూడా. అన్నీ బాగుంటాయని అబద్ధం చెప్పను. చెప్పిందే చెబుతాడు కొన్నిసార్లు, బడిపంతులు కదా. కానీ ఆ మహానుభావుడిలా మొదటి దెబ్బకే మెడ పట్టుకుని తనవైపు తిప్పుకోడు. వచ్చి పక్కన కూర్చుంటాడు. మనం ఫోన్ చూసుకుంటూ ఉన్నా ఏమీ అనుకోడు. కాసేపటికి ఫోన్ పక్కన పెట్టేశామని మనకే తెలుస్తుంది.

ఆ ఏడు వాయుగుండం పట్టింది. పార్కు మూసేశారు, కరెంటు పోయింది. రూంలో కూర్చోలేక, గాలికి గొడుగు తిరగబడుతుంటే దాంతో పోట్లాడుతూ మెస్‌కి వెళ్ళాను. పెద్ద హోటలు మూసి ఉంది. హైవే మీద ఆగిపోయిన లారీల వాళ్ళు అక్క రేకుల కింద చేరారు. వాళ్ళకి వండాలి. అక్క చింతపండు గిన్నె ముందు పెట్టుకుని ఊరికే కూర్చుని ఉంది. స్పీకరులో ఛార్జింగు లేదు.

"పొద్దుట్నించి ఇంతే" అంది మరియమ్మ. "గిన్నెలో చెయ్యి పెడతది, తీస్తది. దీవిలో తమ్ముడికి చేస్తే ఫోను పోడంలా. నిన్న పడవేసుకుని చేపలకి పోయినాడంట, తిరిగొచ్చినాడో లేదో తెలవలా."

నా ఫోన్‌లో బ్యాటరీ గీత ఎర్రగా ఉంది. అయినా అడిగాను. "అక్కా, దీంట్లో పెట్టనా పాట?"

ఫోన్ వైపు అనుమానంగా చూసింది. "అదైతే ఆడ ఆగదు గదా."

"నేనుంటాగా. ఆపుతాను. ఒట్టు."

పెట్టాను. లావు తీగలు మోగగానే అక్క చేతులు చింతపండులోకి పోయాయి. చిటపటల దగ్గర తాలింపు పడింది. ఒంటరి పిట్ట దగ్గర లారీవాళ్ళు కూడా మాట్లాడటం మానేశారు. పాటలో గాలి లేచేసరికి బయటి గాలి రేకుల్ని లేపి కొడుతోంది, ఏది ఏదో తెలియలేదు. ముక్కలు పడ్డాయి. అక్క దాకని పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. ఆగే చోటు దగ్గరపడింది. నా వేలు స్క్రీన్ మీదే ఉంది.

అక్క తల తిప్పకుండానే అంది. "ఆపబాక."

"అక్కా?"

"ఆపబాక అంటిని గదా. ఈ గాల్లో వాళ్ళు ఎట్టా పోయినారో చూడనీ."

పాట ఆ చోటు దాటింది. అక్క దాక తిప్పడం ఆపేసి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మొదట్లో అడుగునుంచి వచ్చిన మోతే ఇప్పుడు వెడల్పుగా, నిదానంగా, అందరూ కలిసి వాయిస్తూ వచ్చింది. దాని మీద బాకాలు లేచాయి. డప్పులు పడ్డాయి. గంభీరంగా ఒకసారి, ఇంకోసారి, ఆఖరిసారి మోగి ఆగింది. ఆ వెంటనే ఫోన్ కూడా ఆరిపోయింది.



"గట్టుదాకా పోయింది" అంది అక్క.

"పోయింది."

"ఎవురూ మునగలా."

"లేదక్కా."

కాసేపు ఆలోచించింది. "ఆ ఊళ్ళో నీళ్ళు లోతేమో. గట్టుకే ఆనిస్తారు కాబోలు. బాకాలూది మరీ దించుతుండారు, పెళ్ళికొడుకుని దించినట్టు." ఇంకా ఆలోచించింది. "బాగుందిలే. ఆయన ఊరికి అట్టా ఉండాల్సిందే."

తర్వాత మూత తీసి వాసన చూసి మొహం చిట్లించింది. "ముక్కలన్నీ విడిపోయినాయి. నీతోపాటు గట్టుదాకా పోబట్టి."

లారీవాళ్ళు విడిపోయిన ముక్కలే రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

గాలి తగ్గాక దీవినుంచి కబురొచ్చింది. తమ్ముడు ముందే తిరిగొచ్చాడు, ఇంటికప్పు లేచిపోయింది కానీ మనుషులు బాగున్నారు. కరెంటు వచ్చిన రోజు స్పీకరులో పాట ఎప్పుడూ ఆగే చోటే ఆగింది, షట్టరు లేచింది. నేను కొత్త పెన్‌డ్రైవ్‌లో పాట పూర్తిగా ఎక్కించి తీసుకెళ్ళి ఇచ్చాను. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బాలో దాచింది.

"ఉండనీ. దీవికి మళ్ళా గాలొస్తే పెట్టుకుంటా. మామూలు రోజులకి మనదే చాలు."

తర్వాత నేను హైదరాబాద్ వచ్చేశాను. అప్పుడప్పుడూ వీడియో కాల్ చేసేదాన్ని. ఫోన్‌ని చెవికి పెట్టుకునేది, నాకు చెవిపోగు ఒక్కటే కనిపించేది. "మొహం చూపించండక్కా" అంటే "మొహమెందుకు, పులుసు తినేదానికొస్తే చూద్దువు" అనేది. రెండుసార్లు వస్తానని వెళ్ళలేదు. మూడోసారి మరియమ్మ ఫోన్ చేసింది. పొద్దున పొయ్యి ముట్టించి, చింతపండు నానేసి, బల్ల మీద కూర్చుందట. అలాగే పోయిందట. పాట మొదలే పెట్టలేదంది మరియమ్మ, అదే పెద్ద సంగతన్నట్టు.

నేను వెళ్ళేసరికి మెస్ ముందే పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. ఎప్పుడూ తినే డ్రైవర్లూ పార్కు కుర్రాళ్ళూ షట్టరు బయట నిలబడి ఉన్నారు, తీస్తారేమో అన్నట్టు. అక్కని దీవిలో, వాళ్ళమ్మ పక్కన పెట్టాలి. ఆ మాట ఎప్పుడో చెప్పి పెట్టిందట. అక్క ఉన్న పెట్టెని పడవలోకి ఎక్కించారు. నేనూ మరియమ్మా దాని పక్కన కూర్చున్నాం.

అన్ని నీళ్ళు నేను దగ్గరగా చూడటం అదే మొదలు. దారిపొడుగునా ఫోన్ చేతిలో పట్టుకుని, పాట పెట్టాలా వద్దా అనుకుంటూనే ఉన్నాను. పెట్టలేదు. ఇంజన్ ఆపేసి గెడ గుచ్చి తోయడం మొదలుపెట్టాక, లావుగా, నెమ్మదిగా ఆ చప్పుడు అడుగు నుంచి వచ్చింది. మరియమ్మ నా వైపు చూసింది.

దీవి కనిపించింది. ఇంకా చాలా దూరముండగానే పడవ ఆగిపోయింది.

"ఇక్కడ ఆపారేంటి?" అని పడవతని మీద అరిచాను. "పెట్టె ఉంది. గట్టుదాకా తీసుకెళ్ళండి."

పడవంతా నా వైపు చూసింది. అతను కోప్పడలేదు. గెడ బురదలో గుచ్చి దాని మీద చెయ్యి ఆనించాడు. "ఈడికే పోద్దమ్మా. దిగాల."

అక్క తమ్ముడూ ఇంకొందరూ అప్పటికే నీళ్ళలో ఉన్నారు. పెట్టెని భుజాల మీదికి తీసుకున్నారు. పాస్టరుగారు ప్యాంటు మడుచుకుని, బైబిల్ నెత్తిన పెట్టుకుని దిగారు. మరియమ్మ చీర ఎగ్గట్టింది.

"రామే" అంది నాకు చెయ్యిచ్చి.

బూట్లు విప్పాను. ఫోన్‌ని సంచిలో వేశాను. సంచి నెత్తిన పెట్టుకుని దిగాను. బురద మెత్తగా వేళ్ళ సందుల్లోకి వచ్చింది. నీళ్ళు మోకాల్లోతే. ముందు అక్క పోతోంది. గట్టు మీద మనుషులు కనపడుతున్నారు.